పైవాడి గుండె

పనిచోట అందరూ ఆయన్ని పైవాడు అనేవారు. టవర్ క్రేన్ నడిపే మనిషి. నేలకు అరవై అయిదు మీటర్ల ఎత్తున, ఒక మంచం పట్టేటంత గాజుగదిలో పొద్దున ఏడింటికి కూర్చుంటే మళ్ళీ సాయంత్రమే దిగడం. ఇనుప చువ్వలు, సిమెంటు తొట్టి, తలుపులు, నీళ్ళ పైపులు, ఏది పై అంతస్తుకి పోవాలన్నా ఆయన చేతిమీదుగా పోవలసిందే. సరుకు ఆలస్యమైనప్పుడల్లా మేస్త్రీలు బీడీ వెలిగించుకుని, "మన చేతుల్లో ఏముంది, అంతా పైవాడి దయ" అనుకునేవారు. వాకీటాకీలో ఆ మాట ఆయనకు వినబడేది. "దయ వస్తోంది, తలకాయలు పక్కకు తీయండి" అనేవాడు.

పైవాడంటూ ఉన్నాక కిందివాడూ ఉండాలి. క్యాబిన్లోంచి చూస్తే కొక్కెం కింద ఏముందో సగం కనబడదు. కింద నిలబడి "ఎత్తు, ఆపు, జానెడు ఎడమకి" అని చెప్పేవాడే క్రేన్‌కి కళ్ళు. ఆ కిందివాడు, ఈయన ఒకే ఏడు పనిలో చేరారు. నాలుగేళ్ళు రోజంతా ఒకరి గొంతు ఒకరు విన్నాక, కిందివాడు ఇంటికెళ్ళి తల్లితో, "చెల్లికి సంబంధం దొరికింది. మొహం సంగతి నాకంత తెలీదు గానీ, నాలుగేళ్ళలో నామీద ఒక్కసారి విసుక్కోలేదు" అన్నాడట. అలా కిందివాడు బావ అయ్యాడు. వయసులో రెండేళ్ళు పెద్దవాడైనా, చెల్లెలి మొగుడన్న మర్యాదతో సగం వేళాకోళంగా ఈయన్ని "బావగారూ" అని పిలిచేవాడు. ఈయన "బావా" అనేవాడు. ఇరవై ఏళ్ళలో ఎన్ని భవనాలు లేచినా ఆ జంట మారలేదు.

భార్య స్కూలు యూనిఫారాలు కుట్టే చోట పనిచేసేది. "మీరు చేసుకున్నది నన్ను కాదు, మా అన్నయ్యని. రోజుకి పది గంటలు ఆయనతో మాట్లాడి, ఇంటికొచ్చి నాతో మాట్లాడ్డానికి మీ దగ్గర మాటలు మిగలవు" అనేది. పిల్లలు కలగలేదు. ఆ విషయం మాట్లాడుకోవడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు.

ఆయనకు ఆ ఎత్తంటే ఇష్టం. ఇష్టమని ఎవరితోనూ అనలేదు, పనంటే పనే కదా అనుకునేవాడు. నిచ్చెనకు రెండువందల పద్నాలుగు మెట్లు. మధ్యలో మూడుచోట్ల ఆగి ఊపిరి తీసుకోవడానికి చిన్న ఇనుప అరుగులు. మొదటి అరుగు దాటేదాకా కింద మాటలు వినబడతాయి, రెండోది దాటితే సుత్తి దెబ్బలు మాత్రమే, మూడోది దాటాక గాలి ఒక్కటే. గాలి ముదిరితే క్యాబిన్ ఇటొక జానెడు, అటొక జానెడు ఊగుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి కడుపులో దేవుతుంది. ఆయనకు మాత్రం నిద్రలేమి, మోకాళ్ళ నొప్పి, ఇంటి చికాకు, అన్నీ ఆ ఊపులో సర్దుకునేవి. మంచు కమ్మిన పొద్దుల్లో ఊరు కనబడేది కాదు. తెల్లటి దూది మీద తనొక్కడు, చాలా దూరాన మరో క్రేన్ చెయ్యి. ఆ క్రేన్లో ఉన్న మనిషెవరో తెలియదు. చెయ్యి ఊపితే అతనూ ఊపేవాడు.

నలభై తొమ్మిదో ఏట, ఒకరోజు పదకొండు గంటల వేళ, రెండు టన్నుల చువ్వల కట్ట గాల్లో ఉండగా ఆయన ఛాతీ మీద ఎవరో మోకాలు మోపి కూర్చున్నట్టయింది. ఎడమచెయ్యి మొద్దుబారింది. చెమటకి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. కట్ట కింద, పైకప్పు లేని అంతస్తు మీద, పద్నాలుగు మంది పనిచేస్తున్నారు. ఎర్ర బటన్ నొక్కి అలా వదిలేస్తే కట్ట గాల్లోనే ఆగిపోతుంది. కానీ ఆ రోజు గాలి ఉంది. ఊగే కట్ట కింద మనుషులను వదలడం ఆయనకు చేతకాలేదు.

"బావా, జనాన్ని పక్కకు తప్పించు" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంచాడు.

కట్టని చుట్టూ తిప్పి, ఖాళీ చోటు మీదికి తెచ్చి, దించడానికి నాలుగు నిమిషాలు పట్టింది. కొక్కెం విప్పారని విన్నాక, గాలివాటుకి క్రేన్ చెయ్యి దానంతటది తిరిగేలా బ్రేకు వదిలాడు. అది సాయంత్రం ఇంటికి పోయే ముందు చేసే పని. ఆ తర్వాత అన్నాడు:

"బావా, నేను దిగలేను."

ఎక్కడం ఒకరకం, పడుకోబెట్టిన మనిషిని దించడం ఒకరకం. నిచ్చెన చుట్టూ ఉన్న ఇనుప పంజరంలో స్ట్రెచర్ పట్టదు. ఫైరింజను వాళ్ళు వచ్చారు, తాళ్ళు వచ్చాయి, తాళ్ళు చాలక ఇంకో బండి వచ్చింది. ఆయన పాదాలు నేలకు తగిలేసరికి గంటా నలభై నిమిషాలు. ఆస్పత్రికి ఇంకో అరగంట.

బతికాడు. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి రెండు స్టెంట్లు వేశారు. మూడోరోజు పెద్ద డాక్టరు మంచం పక్కన కూర్చుని చెప్పాడు.

"గుండె కొట్టుకున్న ప్రతిసారీ లోపలున్న రక్తంలో నూటికి అరవై వంతుల దాకా బయటికి నెట్టాలి. మీ గుండె ఇరవై ఎనిమిదే నెడుతోంది. ముందు గోడలో చాలా భాగం చచ్చిపోయింది."

"మళ్ళీ వస్తుందా?"

"రాదు."

"ఎముక విరిగితే అతుక్కుంటుంది కదండీ. చెయ్యి తెగితే తోలు వస్తుంది."

"గుండె కండరానికి ఆ గుణం లేదు. చచ్చిన చోట మచ్చ పడుతుంది. మచ్చ గట్టిగానే ఉంటుంది, గోడ కూలనివ్వదు. కానీ కదలదు."

క్రేన్ సంగతి ఆయన అడగలేదు. కంపెనీ డాక్టరే చెప్పాడు. "ఆ అంకె నలభై దాటితే అప్పుడు మాట్లాడదాం." అది సాగనంపే మాట అని అక్కడున్న అందరికీ అర్థమైంది. ఆయన మాత్రం నలభై అన్న అంకెను పట్టుకున్నాడు.

కంపెనీ వాళ్ళు మంచివాళ్ళే. గేటు పక్కన రేకుల గదిలో కూర్చోబెట్టారు. పొద్దున హెల్మెట్లు, నడుం బెల్టులు ఇవ్వడం, సాయంత్రం తీసుకోవడం, కుట్లు ఊడిన బెల్టులు పక్కన పెట్టడం. ఆ గది కిటికీలోంచి క్రేన్ మొదలు మాత్రమే కనిపించేది, సిమెంటు దిమ్మె, దానిలో దిగిన నాలుగు ఇనుప కాళ్ళు. మెడ ఎత్తి చూడాలంటే బయటికి రావాలి. ఎత్తితే మందుల వల్ల కళ్ళు తిరిగేవి. అయినా రోజుకి రెండుసార్లు బయటికి వచ్చి, గోడ పట్టుకుని, చూసేవాడు. పైన ఒక కొత్తమ్మాయి నడుపుతోంది. ఆమె తిప్పే తీరు బాగుంది, ఆపేటప్పుడు మాత్రం కాస్త తొందర. కొక్కెం రెండుసార్లు ఊగుతుంది. ఆయన ఆపితే ఒకసారే ఊగేది.

ఇంటి దగ్గర మూడో అంతస్తు. లిఫ్టు లేదు. ప్రతి మలుపు దగ్గర ఆగి, గోడ మీద ఎవరో పిల్లలు గీసిన బొమ్మలు చూస్తున్నట్టు నటించి, ఊపిరి అందాక కదిలేవాడు. ఆ బొమ్మలన్నీ ఆయనకు కంఠతా వచ్చేశాయి.

సాయంత్రాలు కుర్చీలో కూర్చున్నప్పుడు ఆయన చేతులు కదిలేవి. ఎడమచేయి మెల్లగా పక్కకి, కుడిచేయి ముందుకీ వెనక్కీ. ఆయనకు తెలియకుండానే కదిలేవి. భార్య ఒకనాడు కుట్టు ఆపి, వచ్చి పక్కన కూర్చుని, ఆ కుడిచేతి కింద తన చెయ్యి పెట్టింది.

"ఏం ఎత్తుతున్నారు?"

ఆయన సిగ్గుపడ్డాడు. "కిటికీలు. పన్నెండో అంతస్తుకి" అన్నాడు.

"నెమ్మదిగా. గాజువి" అంది ఆమె.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఒకసారి పరీక్షలకి వెళ్ళినప్పుడు అక్కడ ఒక డాక్టరమ్మ ఆయన కోసం కూర్చుని ఉంది. సన్నటి మనిషి, జుట్టు చెవుల దాకా కత్తిరించుకుంది, మాట్లాడుతూ మాట్లాడుతూ కలం మూత తీసి పెట్టే అలవాటు. గుండెపోటుతో కండరం పోయినవాళ్ళకి మూలకణాలతో చికిత్స చేసి చూస్తున్నామని, మీకు ఇష్టమైతే చేరవచ్చని చెప్పింది. తుంటి ఎముకలోంచి మూలుగ తీస్తారు. అందులోని మూలకణాలను వేరుచేసి మూడు వారాలు పెంచుతారు. తర్వాత గజ్జల దగ్గర నుంచి సన్నటి గొట్టం గుండెలోకి పంపి, మచ్చ అంచున పదిహేను చోట్ల సూదితో ఎక్కిస్తారు.

భార్య అనుమానంగా చూసింది. "ఆయన తుంటిలో ఉన్నది తీసి ఆయన గుండెలోనే పెడతారా? ఇంత దానికి అక్కడున్నవి వాటంతటవే నడిచి రాకూడదూ?"

డాక్టరమ్మ నవ్వింది. "రావు. వాటికి దారి తెలీదు."

"అవి గుండెగా మారతాయా?" అని అడిగాడు ఆయన.

కలం మూత టక్కున పడింది. "మారతాయని ఒకప్పుడు చాలామంది అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. మచ్చ పక్కన అలసిపోయిన కండరం కొంత ఉంటుంది. ఈ కణాలు దానికి ఏదో సాయం చేస్తాయని, కొత్త రక్తనాళాలు పుట్టిస్తాయని అనుకుంటున్నాం. అది కూడా రుజువు కాలేదు. అందుకే ఈ పరీక్ష."

"అంటే అవి గోడ కట్టే కూలీలు కాదు. పక్కన నిలబడి పని చేయించే మేస్త్రీలు."

"అంతకంటే బాగా నేను చెప్పలేను. ఇంకోటి కూడా వినండి. చేరినవాళ్ళలో సగం మందికే కణాలు ఎక్కిస్తాం. మిగతా సగానికి ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది పడిందో మీకు తెలియదు, నాకూ తెలియదు. ఏడాది తర్వాత కవరు విప్పుతాం."

ఇంటికెళ్ళాక భార్య గుమ్మం దగ్గర తాళం తీస్తూ, "ఉన్న ఇరవై ఎనిమిది కూడా పోతే?" అంది.

"నువ్వు వద్దంటే మానేస్తాను."

ఆమె తాళంచెవి కొంగున ముడి వేసుకుంది. "నేను వద్దంటే మీరు మానేస్తారు. మానేసి ఆ కుర్చీలో కూర్చుని కిటికీలు ఎత్తుతారు. వద్దనలేను" అంది.

మూలుగ తీసేటప్పుడు నొప్పి కంటే వింతగా ఉన్నది ఎముక లోపలినుంచి ఏదో పీల్చుకుపోతున్న భావం. గుండెలోకి గొట్టం పంపిన రోజు ఆయన మెలకువగానే ఉన్నాడు. తెర మీద తన గుండె రంగురంగుల్లో తిరుగుతోంది, బతికున్న చోట ఊదా, చచ్చిన చోట ఎరుపు. సూది గుచ్చిన ప్రతిసారీ గుండె ఒక్క క్షణం తడబడి మళ్ళీ దారిలో పడేది. పదిహేను దాకా లెక్కపెట్టాడు. కణాలో ఉప్పునీళ్ళో, పదిహేను.

తర్వాత నడక మొదలైంది. ఆస్పత్రిలో ఒక పొడవాటి వరండా, నేలమీద మీటరు మీటరుకీ పసుపు టేపు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారో చూస్తారు. ముందు మూడువందల పది మీటర్లు. మూడు నెలలకు మూడువందల అరవై. ఆరు నెలలకు నాలుగువందల పది. గుండె అంకె ఇరవై ఎనిమిది నుంచి ముప్ఫై ఒకటి, ఆ తర్వాత ముప్ఫై నాలుగు.

ఆయనకు అనుమానం లేదు. తనకు పడినవి కణాలే. పొద్దున లేవగానే ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, లోపల ఎవరో పనికి వచ్చినట్టు వినేవాడు. భార్య పనికి వెళ్ళాక, మధ్యాహ్నం సెలవు ఉన్న రోజుల్లో, మూడో అంతస్తు నుంచి అయిదో అంతస్తు దాకా ఎక్కి దిగేవాడు. ముందు ఒకసారి, తర్వాత రెండుసార్లు, తర్వాత నాలుగు. పిల్లల బొమ్మల దగ్గర ఆగడం మానేశాడు. అయిదో అంతస్తు ముసలాయన తలుపు తీసి, "ఎవరికోసం నాయనా రోజూ వస్తున్నావు?" అని అడిగితే, "ఎవరికోసమూ కాదండీ, మెట్లకోసం" అన్నాడు. ముసలాయన తలుపేసుకుని గడియ పెట్టుకున్నాడు.

లెక్క వేసుకున్నాడు. ఇంట్లో మూడో అంతస్తు నుంచి అయిదుకి నలభై నాలుగు మెట్లు. అయిదుసార్లు ఎక్కితే రెండువందల ఇరవై, క్రేన్ నిచ్చెన కంటే ఆరు ఎక్కువ. అయిదుసార్లు ఎక్కిన రోజు సాయంత్రం ఆయన క్రేన్ మొదట్లో బావ దగ్గరికి వెళ్ళాడు. పని ఆగిపోయింది, కొత్తమ్మాయి దిగి వెళ్ళిపోయింది. బావ తాళ్ళు చుడుతున్నాడు.

"బావా, ఒక్కసారి ఎక్కి దిగుతాను. నడపను. ఊరికే కూర్చుని వస్తాను."

"ఎందుకు బావగారూ, కింద కుర్చీలు లేవా?"

"వేళాకోళం కాదు. నిచ్చెన తాళం నీ దగ్గరే ఉంది కదా. ఇవ్వు."

బావ తాడు చుట్టడం ఆపలేదు. "ఇవ్వను."

"నీకేం తెలుసు నా సంగతి? నాలుగువందల పది మీటర్లు నడుస్తున్నాను. రెండువందల ఇరవై మెట్లు ఎక్కాను ఇవాళ."

"నీ సంగతి నాకు తెలీదు. ఆ గంటా నలభై నిమిషాల సంగతి తెలుసు. నువ్వు పైన పడుకునున్నావు, నీకు తెలివి సగం లేదు. నాకు మొత్తం ఉంది. వాకీటాకీ ఆన్‌లో పెట్టేశావు. నీ ఊపిరి వినబడుతూనే ఉంది. ఎప్పుడాగిపోతుందోనని గంటా నలభై నిమిషాలు నిలబడి విన్నాను. మళ్ళీ వినలేను."

ఆయనకు కోపం ఆగలేదు. ఇరవై నాలుగేళ్ళలో విసుక్కోని మనిషి ఆ రోజు విసుక్కున్నాడు. "నీకు వినడం కష్టమని నేను కింద కూర్చుని చావాలా?" అన్నాడు.

తాడు బావ చేతిలోంచి జారింది. అతను దిమ్మె మీద కూలబడ్డాడు.

"ఆ రోజు తొమ్మిదిన్నరకి నువ్వేమన్నావో గుర్తుందా?"

ఆయనకు గుర్తులేదు.

"'బావా, ఛాతీ పట్టేసినట్టుంది' అన్నావు. నేనేమన్నానో తెలుసా? 'మా చెల్లి రాత్రి పోట్లాడిందా ఏంటి' అన్నాను. నువ్వు నవ్వావు. దిగమని అనలేదు నేను. మేస్త్రీ తొందరపెడుతున్నాడు, ఈ ఒక్క కట్టా, ఇంకో కట్టా అని గంటన్నర నీచేత మోయించాను. దిగమని ఉంటే నీ కాళ్ళతో నువ్వే దిగేవాడివి. గుండె ముందు గోడ పోయేది కాదు. చెల్లికి చెప్పలేదు. నీకూ చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఇద్దరూ దిమ్మె మీద కూర్చున్నారు. లారీ ఒకటి వెనక్కి వచ్చి, మట్టి దించి, వెళ్ళిపోయింది.

"నవ్వాను కదా" అన్నాడు ఆయన చివరికి. "నేనే నవ్వేశాక నువ్వేం చేస్తావు. నొప్పి నాది. దిగాల్సింది నేను. నాకు దిగాలనిపించలేదు బావా. ఆ పూట గాలి బాగుంది."

బావ మొహం తుడుచుకున్నాడు. ఆయన మళ్ళీ తాళంచెవి అడగలేదు, బావ ఇవ్వలేదు.

ఏడాది నిండాక కవరు విప్పారు. భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. అంకె ముప్ఫై అయిదు దగ్గర ఆగింది. డాక్టరమ్మ కాగితం చూసి, "మీకు పడినవి కణాలే" అంది.

ఆయన భార్య వైపు తిరిగాడు. చెప్పానా అన్నట్టు ఉంది ఆ మొహం.

డాక్టరమ్మ కలం మూత పెట్టేసింది. "మొత్తం వినండి. నూట పద్దెనిమిది మంది చేరారు. కణాలు పడినవాళ్ళు బాగుపడ్డారు. ఉప్పునీళ్ళు పడినవాళ్ళు కూడా ఇంచుమించు అంతే బాగుపడ్డారు. రెండు గుంపులకీ మధ్య తేడా ఉందని చెప్పలేకపోతున్నాం."

"మరి నన్ను నడిపించిందేంటి?"

"మందులు కావచ్చు. మీరు ఎక్కుతున్నానని నాతో చెప్పిన ఆ మెట్లు కావచ్చు."

భార్య చప్పున ఆయన వైపు చూసింది. మెట్ల సంగతి ఆమెకు ఆ క్షణం దాకా తెలియదు.

"కణాలు కూడా కొంత కావచ్చు. మీ ఒక్కరినీ చూసి ఇదీ అని చెప్పడం కుదరదు. నలభై వస్తుందని మాత్రం నేననుకోను" అని ముగించింది డాక్టరమ్మ.

ఆయనకు ఆమె మీద కోపం రాలేదు. ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది. "ఎన్నేళ్ళమ్మా మీరు ఈ పని మీద?" అని అడిగాడు.

"పదకొండు."

"ఇంకేమీ లేదా?"

ఆమె లేచింది. "ఉంది. మీకు పనికొచ్చేది కాదు. చూస్తారా?"

రెండు వరండాలు దాటి, కాళ్ళకు తొడుగులు వేసుకుని, ఒక చల్లటి గదిలోకి వెళ్ళారు. డాక్టరమ్మ ఒక పెట్టె తెరిచి, అరచేతిలో పట్టే గాజు పళ్ళెం తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆయన వంగి చూశాడు. ముందు ఏమీ కనబడలేదు. తర్వాత పలుచటి తెరలాంటిది, లేత బూడిదరంగు, గోరంత కూడా లేదు. అది ముడుచుకుంది. వదిలింది. మళ్ళీ ముడుచుకుంది.

"కొట్టుకుంటోంది" అన్నాడు.

"గుండె కండరం. ఎవరో ఒకాయన చర్మం ముక్క ఇచ్చారు. ఆ కణాలను వెనక్కి నడిపించి మూలకణాలుగా చేసి, అక్కణ్ణించి గుండె వైపు తిప్పాం. ఇవి సాయం చేసే మేస్త్రీలు కాదు. నిజంగా గుండె."

ఆయన కన్ను తీయలేదు. ఒళ్ళు లేదు, రక్తం లేదు, ఎవరికోసమో తెలియదు. అయినా అది పని చేసుకుపోతోంది. తన మణికట్టు మీద వేలు పెట్టుకుని చూశాడు. రెండూ కలవలేదు.

"ఇది నాకు పెట్టండి."

"పెట్టలేను. గుండెలో పెట్టాక ఇవి ఒక్కోసారి వాటి ఇష్టం వచ్చినట్టు కొట్టుకుంటాయి. మిగతా గుండె మాట వినవు. లయ తప్పితే మనిషి ప్రాణానికే ముప్పు."

ఆ మాట ఆయనకు అర్థమైంది. ఒకే చోట రెండు క్రేన్లు తిరుగుతూ, ఒకరి సిగ్నల్ ఒకరు వినకపోతే ఏమవుతుందో ఆయన చూశాడు.

"ఎప్పటికి వింటాయి?"

"తెలీదు. అయిదేళ్ళు, పదేళ్ళు. అబద్ధం చెప్పలేను."

భార్య కూడా వంగి చూసింది. చాలాసేపు చూసింది. లేచి, పైట చెంగుతో కళ్ళు అద్దుకుని, "ఎంత చిన్నగా ఉందో" అంది. ఆ గొంతులో ఉన్నది ఒక్క గుండె సంగతే కాదని ఆయనకు తెలిసింది. చెయ్యి పట్టుకున్నాడు.

చలికాలంలో ఆ భవనం పూర్తయింది. క్రేన్ విప్పేసే ముందు రోజు బావ రేకుల గదికి వచ్చి, "రండి బావగారూ, పైకి పోదాం" అన్నాడు. మనుషులు, సరుకు ఎక్కే లిఫ్టు ఇంకా ఉంది. దాంట్లో అయితే ఫర్వాలేదని డాక్టరమ్మను అతనే ఫోన్ చేసి అడిగాడట.

ఇరవై రెండో అంతస్తు మీద కప్పు చదునుగా, ఖాళీగా ఉంది. ఆ కప్పు కింద, పునాది నుంచి సగం దాకా ఉన్న ప్రతి దూలం ఆయన ఎత్తినదే. ఎదురుగా, ఎనిమిది మీటర్ల దూరంలో, ఇంచుమించు కళ్ళ ఎత్తులో క్యాబిన్. మధ్యలో ఏమీ లేదు. గాజులోంచి కొత్తమ్మాయి చెయ్యి ఊపింది. బావ వాకీటాకీ ఆయన చేతికిచ్చాడు.

"సార్, ఈ సీటు మీద కట్టిన దిండు మీదేనా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"మా ఆవిడ కుట్టింది. నడుం నొప్పని."

"తీసి పంపించనా?"

"వద్దమ్మా. ఇంకో క్రేన్ ఎక్కుతావు కదా, తీసుకుపో. ఆపేటప్పుడు మాత్రం తొందరపడకు. కొక్కెం కంటే ముందు నువ్వు ఆగు."

"అలాగే సార్."

కప్పు మీద చివరి సామాను పెట్టె ఒకటి మిగిలింది. దాన్ని దించాలి. బావ సిగ్నల్ ఇవ్వబోయి, ఆగి, "మీరే చెప్పండి" అన్నాడు. ఆయన ఎప్పుడూ సరుకు పక్కనే నిలబడి అది లేవడం చూడలేదు. ఎత్తు అన్నాడు. తాడు బిగుసుకుంది, పెట్టె నేల వదిలింది. కొంచెం కుడికి. ఇంకొంచెం. ఆపు. కొక్కెం ఒకసారే ఊగింది. పెట్టె అంచు దాటి కిందికి వెళ్ళిపోతుంటే, ఇన్నేళ్ళూ బావ చూసినది ఇదా అనుకున్నాడు.

గాలి వచ్చింది. ఎదురుగా క్యాబిన్ ఇటొక జానెడు, అటొక జానెడు ఊగింది. ఆయన నిలబడిన కప్పు ఊగలేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, కాసేపు ఎదురుచూశాడు. అది గట్టి కట్టడం. కదలదు.

"పోదామా?" అన్నాడు బావ.

"కాసేపుండు."

చీకటి పడుతుందనగా దిగారు. ఇంట్లో భార్య దీపం కింద కాలరు కుడుతోంది. ఏం చూశారని అడగలేదు. ఆయన చెప్పులు విప్పి, జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. డాక్టరమ్మ పోస్టులో పంపింది. పళ్ళెంలో కొట్టుకున్న ఆ రెండో రకం కణాల పరీక్ష ఎప్పుడు మొదలైనా కబురు చేయడానికి పేర్లు రాసుకుంటున్నారు. ఎప్పుడన్నది కాగితంలో లేదు.

భార్య దాన్ని దీపం దగ్గరికి పట్టుకుని రెండువైపులా చదివింది.

"అప్పటికి మీకు అరవై దాటుతాయి. అరవై దాటినవాణ్ణి క్రేన్ ఎక్కనిస్తారా?"

"ఎక్కనివ్వరు."

"మరెందుకు?"

 వీధిలో ఎవరో స్కూటర్ తన్నుతున్నారు, అది అందుకోవడం లేదు.

"తెలీదు" అన్నాడు. "పేరైతే ఉండనీ."

ఆమె సూది బట్టలో గుచ్చి, సొరుగులోంచి కలం తీసి ఆయనకు ఇచ్చింది.